దారావిడ కూర్చున్న రోజు

కోడలు గచ్చు తుడుస్తోంది. గోడవార నుంచి మొదలుపెట్టి, గుడ్డ పిండుకుంటూ, వెనక్కి జరుగుతూ హాలు మధ్యకి వచ్చేసరికి చెయ్యి దానంతటదే ఆగింది.

అక్కడ గీత ఉంది. ఎవరో గీసింది కాదు, నడవగా నడవగా పడింది. వీధి గుమ్మం నుంచి హాలు మీదుగా, వంటింటి పక్కగా, పెరటి తలుపు దాకా గచ్చు ఒక మనిషి పట్టేంత మేర అరిగి పాలిపోయింది. ఎప్పుడు తుడిచినా మిగతా గచ్చు తడిగా ఉండగానే ఆ మేర ముందు ఆరిపోతుంది.

పెరటి తలుపు దగ్గర డ్రిల్లు గుర్రుమంటోంది. కాసేపు ఆగుతోంది. మళ్ళీ గుర్రుమంటోంది.

“అక్కడ తడి ఉంచకు,” అంది అత్తగారు కుర్చీలోంచి. “దారావిడ వచ్చే వేళయింది. జారిపడిందంటే అదొకటి మన మెడకి చుట్టుకుంటుంది.”

“ఆవిడ ఇటు వెళ్ళకుండా ఉండడానికే కదత్తయ్యా మీ అబ్బాయి గడియ బిగిస్తున్నది.”

“బిగించనీ. వాడికి పళ్ళు బిగించడం వచ్చు. తలుపుల సంగతి నాకు తెలీదు.”

డ్రిల్లు ఆగింది. “వినిపిస్తోందమ్మా,” అన్నాడు కొడుకు అక్కణ్ణుంచే.

“వినపడాలనే అన్నాను.”

దారావిడ అని పేరు పెట్టింది అత్తగారే. అసలు పేరేమిటో వాళ్ళకి తెలీదు. ఈ ఇంట్లో దిగిన మర్నాడు, ఇంకా మూటలు విప్పుతుండగా, తెరిచి ఉన్న వీధి గుమ్మంలోంచి ఒకావిడ లోపలికి వచ్చింది. అత్తగారి కంటే చిన్నది, కోడలి కంటే చాలా పెద్దది. ఇస్త్రీ బట్టలు, బిగించి దువ్విన జుట్టు. ఎవరివంకా చూడకుండా హాలు దాటి, పెరట్లోకి, పెరటి గేటులోంచి వెనక సందులోకి వెళ్ళిపోయింది. ఇల్లు చూడ్డానికొచ్చిన రోజున కనిపించిన పాతవాళ్ళ చుట్టమే కాబోలు, ఏదో మర్చిపోయి వచ్చిందేమో అనుకున్నారు.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది.

ఎక్కడికి వెళ్తుందో అత్తగారే కనిపెట్టింది. వెనక సందు చుట్టూ తిరిగి, ఈ వీధి చివర తానుండే గదికే చేరుతుంది. “అంటే ఎక్కడికీ వెళ్ళదన్నమాట,” అంది ఆ రోజు. “వాళ్ళింట్లోంచి వాళ్ళింటికే వెళ్తుంది. మధ్యలో మనం.”

వీధి తలుపు మూసి చూశారు. తట్టలేదు, పిలవలేదు. మెట్టు మీద నిలబడింది. కొడుకు పనికి వెళ్ళాలి, కోడలు కొట్టుకి వెళ్ళాలి, ఎవరో ఒకరు తలుపు తియ్యక తప్పదు. పైగా ఎదురింటివాళ్ళు, “పాపం పెద్దావిణ్ణి అలా నిలబెట్టారేమిటి” అన్నారు.

అప్పట్నుంచి ఎవరూ అనుకోకుండానే ఇంట్లో కొన్ని మారిపోయాయి. గీత మీద కుర్చీ వెయ్యరు. బట్టల బుట్ట పెట్టరు. ఆ వేళకి ముగ్గురూ గోడవారకి జరిగి ఉంటారు, రైలు వస్తుంటే జనం జరిగినట్టు.

వీధి తలుపు మూస్తే వీధంతా చూస్తుంది. పెరటి తలుపు మూస్తే చూసేవాళ్ళుండరు. లోపలికి వచ్చి, దారి లేదని చూసుకుని, తనే పోతుంది. ఇది అతని ఆలోచన. తీరా గడియ కొనుక్కొచ్చి చూస్తే, ఆ తలుపుకి ఇదివరకెప్పుడూ గడియ ఉన్న గుర్తే లేదు. మేకు దిగిన కన్నం కూడా లేదు. చెక్క నున్నగా, అరచెయ్యి ఆనే ఎత్తున మాత్రం నల్లగా మెరుస్తోంది.

“కిటికీలన్నీ తెరిచి మూసి చూశాం కదా,” అన్నాడు నిన్న, ఆ నలుపు మీద వేలు పెట్టి. “ఇదొక్కటీ తెరిచే ఉంది. మూసి చూడాలని తోచలేదు.”

కొనే ముందు వాళ్ళు చూడనిది లేదనే అనుకున్నారు. అతను కట్టుడు పళ్ళు చేసే మనిషి. పన్ను మీద తట్టి విన్నట్టే గోడగోడకీ వేలితో తట్టి విన్నాడు. ఆమె కళ్ళద్దాల కొట్లో పనిచేస్తుంది. ఏ గదికి ఎంత వెలుతురు, కప్పు మీద చెమ్మ మరకలున్నాయా, గుమ్మాలకి చెద పట్టిందా, కుళాయి ధార ఎలా ఉంది, అన్నీ చూసింది. హాలు పొడవునా పరిచిన తివాచీని మాత్రం ఎత్తి చూడలేదు. ఒకరి ఇంటికి వెళ్ళి తివాచీ ఎత్తి చూస్తే ఏం మర్యాద.

ఇంకోసారి రావాల్సింది. పక్కింటివాళ్ళని ఒక మాట అడగాల్సింది. అత్తగారిని వెంట తీసుకెళ్ళాల్సింది. ఈ చివరిది మర్చిపోయే వీల్లేదు, రోజుకోసారి గుర్తుచేస్తుంది అత్తగారు.

“ఒకడు పళ్ళు చేస్తాడు, ఒకతి కళ్ళు చేస్తుంది,” అంది ఇప్పుడు కూడా. “ఇల్లు కొనేటప్పుడు మాత్రం ఒకరికి నోరు లేదు, ఒకరికి చూపు లేదు.”

కోడలు గుడ్డ బకెట్లో ముంచింది.

ఫోను మోగింది. ఎన్నిసార్లు చేసినా ఎత్తని బ్రోకరు ఇవాళ తనే చేశాడు. అతను స్క్రూడ్రైవరుతోనే హాల్లోకి వచ్చి, ముగ్గురికీ వినపడేలా ఫోను బల్ల మీద పెట్టాడు. బల్ల మీద మైనంలో గుచ్చిన పళ్ళ వరసలు రెండు, ఎవరి నోటికో సిద్ధమవుతూ ఉన్నాయి.

“నమస్కారం సార్. ఇల్లు కలిసొచ్చిందా?”

“ఇల్లు సరేనండీ. ఇంట్లోంచి రోజూ ఒకావిడ నడిచి వెళ్తోంది.”

“ఇంకా నడుస్తున్నారా? ఆరోగ్యంగా ఉన్నారన్నమాట. సంతోషం.”

“సంతోషమేమిటి? ఆవిడ సంగతి మాకెవరూ చెప్పలేదు.”

“అదేమిటి సార్. మీరు చూడ్డానికొచ్చిన రోజున ఎదురుపడ్డారు కదా. అమ్మే ఆయన చెప్పారు కూడా. ఇంటి మనిషేనండీ అన్నారు.”

“ఇంటి మనిషి అంటే వాళ్ళ మనిషి అనుకున్నాం.”

“మా మనిషి అనలేదు కదండీ. ఇంటి మనిషి అన్నారు.” బ్రోకరు గొంతులో తొణుకూ బెణుకూ లేదు. “వాళ్ళ మనిషైతే వాళ్ళతో వెళ్ళేవారు. ఇంటి మనిషి కాబట్టి ఇంటితో ఉన్నారు.”

అత్తగారు కుర్చీలో ముందుకి వంగింది. “నాయనా, మాటలకి తూకంరాళ్ళు నువ్వే తెచ్చుకుంటావా?”

“ఎవరండీ, అమ్మగారా? నమస్కారమమ్మా. చూడండి, సారే ఆ రోజు పక్కకి జరిగి ‘రండమ్మా, మీరు వెళ్ళండి’ అని దారిచ్చారు. నేను అక్కడే ఉన్నాను. అప్పటికిగాని అమ్మే ఆయనకి ప్రాణం కుదుటపడలేదు. అంతకుముందు వచ్చినవాళ్ళంతా ఎవరావిడ, ఎందుకొచ్చింది అని అడిగి వెళ్ళిపోయారు. మీరు మర్యాదస్తులు.”

“ఆడమనిషి గురించి ఆరా తియ్యడం బాగుండదని ఊరుకున్నాం,” అన్నాడు అతను.

“అడిగితే చెప్పేవాళ్ళం. మీరు అడగలేదు, మేం చెప్పలేదు. ఇందులో అబద్ధం ఎక్కడుందో మీరే చెప్పండి.”

“ఆయన నంబరివ్వండి. నేను మాట్లాడుకుంటాను.”

“ఆయన ఊళ్ళో లేరండీ. భార్య కోసం తిరుగుతున్నారు.”

“తిరగడమేమిటి?”

“అదే సార్, ఊళ్ళు తిరుగుతున్నారు. ఉంటానండీ, ఇంకో పార్టీ వచ్చారు.”

ఫోను తెర నల్లబడింది.

“ఇంకో పార్టీ,” అంది అత్తగారు. “వాళ్ళన్నా నోరున్నవాళ్ళయితే బాగుండు.”

అతను వెళ్ళి మిగిలిన స్క్రూలు బిగించాడు. గడియ వేసి, తీసి, మళ్ళీ వేశాడు. కొత్త ఇనుము టక్కుమంది. దానికి తాళం కూడా వేసి, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాడు.

కోడలు ఆ చప్పుడు రెండుసార్లూ కళ్ళు మూసుకుని వింది. చిన్నప్పట్నుంచీ ఆమె ఉన్నవన్నీ ఒకరి ఇళ్ళల్లో గదులే. చదువుకునేటప్పుడు మేనత్తవాళ్ళ సామాను గది. పెళ్ళయ్యాక అతని పనిగది మీద అద్దె వాటా, పైన ఇంటివాళ్ళు ఎప్పుడంటే అప్పుడు నీళ్ళ కోసం వాటాలోంచి వెళ్ళేవాళ్ళు. అతనికి అది చాలు. ఆమెకి చాలలేదు. తలుపు మూస్తే అవతలివాళ్ళు అవతలే ఉండే ఇల్లు ఒక్కటి ఆమెకి కావాలి. అందుకోసమే ఏడాదిగా అతన్ని పోరింది.

ఇవాళ ఈ తలుపు మూసుకుని ఉంటే ఇది తన ఇల్లు. లేకపోతే ఇదీ ఇంకొకరి ఇంట్లో గదే.

వీధి గుమ్మంలో వెలుతురు తగ్గింది.

దారావిడ అడుగులకి చప్పుడుండదు. కిందకి చూడదు, అయినా గీత దాటి ఒక్క అడుగు పడదు. రోజూ పెరటి గుమ్మం దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి పెదవులు కదుపుతుంది. ఏమంటుందో వినపడదు. తరవాత వెళ్ళిపోతుంది.

ఇవాళ కూడా తడి ఆరని గచ్చు మధ్య, ఆరిన గీత మీద నడుచుకుంటూ వచ్చింది. తలుపు మీద చెయ్యి వేసింది. ఆ నల్లటి చోటు మీదే సరిగ్గా పడింది చెయ్యి.

తలుపు కదల్లేదు.

ఆవిడ గడియవైపు చూసింది. తాళంవైపు చూసింది. మెల్లిగా ఇటు తిరిగింది.

“మూసేశారా?”

ముగ్గురిలో ఎవరూ అంతవరకు ఆవిడ గొంతు వినలేదు. సన్నగా, ఆ మనిషికి అతకని చిన్నవయసు గొంతు.

“మూసేశామండీ,” అన్నాడు అతను. అనుకుని పెట్టుకున్న మాటలు ఇంకా ఉన్నాయి గానీ బయటికి రాలేదు.

“ఎవరు మూశారు?”

“నేనే.”

“మీరేనా.” ఎవరి మొహమూ చూడని మనిషి అతని మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది, మళ్ళీ చూసినప్పుడు గుర్తుపట్టాలన్నట్టు. “సరే బాబూ. కాసేపు కూర్చోనా?”

అత్తగారు తన కుర్చీ ఇవ్వబోయింది. దారావిడ వద్దని, గోడవార పీట మీద కూర్చుంది. కోడలు మంచినీళ్ళిచ్చింది. గ్లాసు రెండు చేతులతో పట్టుకుని ఆగకుండా తాగింది, ఎంతో దూరం నడిచి వచ్చినట్టు.

“ఈ ఇంట్లో కూర్చుని ఎన్నాళ్ళయిందో,” అంది.

“ఇదివరకు కూర్చునేదానివా?” అంది అత్తగారు.

“ఇల్లు మాదే కదమ్మా. అమ్మేశాను. నడక అమ్మలేకపోయాను.” నవ్వింది. నవ్వు మామూలుగానే ఉంది.

“ఎందుకమ్మా ఈ నడక? వెనకాల నీకేం పనీ లేదు. నేను చూశానుగా. చుట్టూ తిరిగి నీ గదికే పోతావు.”

“వెళ్ళడమే పని. రోజూ ఈ ఇంట్లోంచి ఎవరో ఒకరు ఇలా వెళ్ళాలి.”

“ఒకరోజు మానేస్తే?”

దారావిడ గ్లాసు కింద పెట్టింది. “మానేశాను ఒకసారి. జ్వరం. మంచం దిగలేకపోయాను. ఆ రోజు ఈ ఇంటావిడ వెళ్ళింది.”

“ఏ ఇంటావిడ?”

“మీకు అమ్మినాయన భార్య. పొయ్యి మీద గిన్నె పొయ్యి మీదే ఉంది. ఎవరితో ఏమీ అనలేదు. ఇలా వచ్చి, ఇలా వెళ్ళింది. మళ్ళీ రాలేదు. ఆయన హాల్లోనే ఉన్నాడు. పెరట్లోకి వెళ్తోంది కాబోలు అనుకున్నాడు.”

గ్లాసు తీసుకోవడానికి వంగిన కోడలు అలాగే ఆగిపోయింది.

ఇల్లు చూడ్డానికి వచ్చిన రోజు, మీ ఆవిడ లేరా అని తను అడిగింది. బయటికెళ్ళిందండీ అన్నాడాయన. వంటింటి కిటికీ గట్టు మీద ఆడవాళ్ళ కళ్ళద్దాలు ఉన్నాయి. దళసరి అద్దాలు. చేత్తో పట్టుకోకుండానే ఆమెకి వాటి పవరు తెలిసింది. అంత చూపు తక్కువ మనిషి అవి లేకుండా బయటికి ఎలా వెళ్ళిందా అనిపించింది. అద్దాల మీద దుమ్ము కూడా కనిపించింది.

అడగలేదు. వంటింట్లో వెలుతురు బాగుంది కదూ అంది భర్తతో.

“నువ్వు రోజూ వెళ్తున్నావు,” అంటోంది అత్తగారు. “మర్నాడు మళ్ళీ వస్తున్నావు. నీకేమీ కాలేదే.”

“నేను చెప్పి వెళ్తానమ్మా.”

“ఎవరికి?”

“గుమ్మానికి.” దారావిడ చెప్పడానికి కాస్త సిగ్గుపడింది. “వెళ్ళొస్తాను అని. ఆ వస్తాను అనేది ఉండాలి. అది లేకుండా దాటితే ఇక వెళ్ళడం ఒక్కటే ఉంటుంది.”

అతను నవ్వాడు. గట్టిగా నవ్వాలనుకున్నాడు గానీ నవ్వు సగంలో పొడిబారింది. “కథ బాగుందండీ. ఆయనకి అమ్మేటప్పుడు కూడా ఇది చెప్పారా?”

“చెప్తే ఎవరు కొంటారు బాబూ?”

“అదీ నిజమే. మరి ఇప్పుడు తలుపు మూసేశాం కాబట్టి మీరూ వెళ్ళక్కర్లేదు, మేమూ వెళ్ళక్కర్లేదు. గొడవ వదిలింది.”

“మంచిది. నేనూ అలిసిపోయాను.”

దారావిడ లేచింది. వచ్చినవైపే తిరిగి నడవడం అదే మొదటిసారి. గీత వదిలి నాలుగడుగులు వేసేసరికి బల్ల అంచుకి తగిలింది. పళ్ళ వరస ఒకటి కింద పడి, గచ్చు మీద టకటకమని దొర్లి, నోరు తెరుచుకుని ఆగింది. ఎన్నడూ దేనికీ తగలని మనిషి.

“ఇటువైపు అలవాటు లేదు,” అంది చిన్నపిల్లలా. గోడ తడుముకుంటూ గుమ్మం దాకా వెళ్ళింది. “వెళ్తానమ్మా.”

“అదేమిటి, వెళ్ళొస్తానను,” అంది అత్తగారు.

దారావిడ ఆగి అత్తగారివైపు జాలిగా చూసింది. “ఇంక రాను కదమ్మా.”

ఆవిడ మెట్లు దిగి వీధిలో కలిసిపోయింది. అతను కింద పడ్డ పళ్ళ వరస తీసి, ఊది, వెలుగులో తిప్పి చూశాడు. ఒక పన్ను కదిలింది.

“ఒరేయ్, ఆ తాళం తియ్యి,” అంది అత్తగారు.

“నువ్వు కూడానా అమ్మా?”

“తియ్యమంటున్నాను. రోజూ ఒకావిడ ఇటునుంచి అటు నడిస్తే మన సొమ్మేం పోయింది? గాలి వచ్చి పోవడం లేదూ? వెళ్ళి పిలుచుకురా ఆవిణ్ణి.”

“తియ్యొద్దు.” కోడలి గొంతు అది. అంత గట్టిగా అంటానని ఆమే అనుకోలేదు. “ఇవాళ తీస్తే ఇక ఎప్పటికీ ఈ ఇల్లు ఆవిడదే. మనం అద్దెకున్నట్టే.”

“అమ్మాయీ, ఆవిడ చెప్పింది విన్నావా నువ్వు?”

“విన్నాను. భయపెట్టి దారి ఉంచుకోవాలని చెప్పింది. ఇంటావిడ వెళ్ళిపోయిందంటే ఏవో గొడవలుండి ఉంటాయి. మొగుడి మీద కోపమొచ్చి ఉంటుంది. కళ్ళద్దాలు కూడా తీసుకోకుండా వెళ్ళిందంటే ఎంత కోపమో.”

అతను తలెత్తాడు. “కళ్ళద్దాలా? ఆవిడ కళ్ళద్దాల మాట ఎత్తలేదే.”

కోడలు నాలుక కరుచుకుంది.

“నీకెలా తెలుసు?”

“కిటికీ గట్టు మీద ఉన్నాయి. చూడ్డానికొచ్చిన రోజున.”

“చూశావా?”

“చూశాను.”

“చూసి?”

ఆమె గుడ్డ పిండింది. పిండడానికి అందులో నీళ్ళు లేవు. “ఆ ఇంటావిడవేనని అనుకున్నాను. దుమ్ము పట్టి ఉన్నాయి. ఏదో అనిపించింది. అంతే.”

“నేను గోడలు చూస్తున్నాను, మనుషుల సంగతి నువ్వు చూస్తావు అనుకున్నాను,” అన్నాడు అతను. గొంతు పెంచలేదు. “ఒక్కమాట నాతో అనకపోయావా?”

“అంటే వద్దనేవాళ్ళు.”

“అనేవాణ్ణి.”

“అదే. మొదట్నుంచీ మీరు వద్దనడానికి ఒక వంక వెతుకుతూనే ఉన్నారు. నేనే చేతికి అందివ్వాలా?”

“ఇద్దరూ ఆపండి,” అంది అత్తగారు. ఎవరూ ఆపలేదు.

“నాకు ఆ రెండు గదులూ బాగానే ఉండేవి,” అన్నాడు. “కింద పని, పైన పడక. నీకోసం వచ్చాను. నువ్వు చూసింది దాచిపెట్టి, నన్ను తీసుకొచ్చి ఇక్కడ పెట్టావు. నేనేమో పక్కకి జరిగి ‘రండమ్మా’ అన్నానట. అందరూ విన్నారట. నేను పక్కకి జరగడం అందరికీ బాగానే పనికొచ్చింది.”

“మీరెప్పుడు జరగలేదు గనుక? అద్దె వాటాలో పైవాళ్ళు లోంచి వెళ్తుంటే జరిగారు. ఆవిడొస్తే జరిగారు. ఇదిగో ఇవాళ కూడా, మూసేశామండీ అని ఒక్క ముక్క తప్ప నోట్లోంచి వచ్చిందా? మీరు ఇంట్లో ఉన్నా ఒకటే, బయట ఉన్నా ఒకటే.”

మాట నోరు దాటాక గాని దాని బరువు ఆమెకి తెలియలేదు.

అత్తగారు కళ్ళు మూసుకుంది.

అతను బల్ల దగ్గర కూర్చున్నాడు. కదిలిన పన్ను ఊడదీసి, కొత్త మైనం వేడిచేసి, మళ్ళీ గుచ్చాడు. సన్నటి ఆకురాయి తీసి అంచు రుద్దడం మొదలుపెట్టాడు. కోపమొస్తే అతను చేసేది అంతే. పెళ్ళైనప్పట్నుంచీ ఆ రుద్దుడు వింటూ ఆమె గొడవలన్నీ కొలిచింది. కాసేపటికి నెమ్మదిస్తుంది. ఇంకాసేపటికి, టీ ఉందా అంటాడు.

ఆమె బకెట్ పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. అనుకోకుండానే కిటికీ గట్టు వంక చూసింది. గట్టు ఖాళీగా ఉంది. పోయిన నెల తనే కడిగింది. టీకి నీళ్ళు పెట్టింది. అడక్కముందే ఇద్దామనుకుంది. క్షమించండి అని నోటితో అనలేకపోతే కనీసం కప్పు అతని ముందు పెట్టొచ్చు.

హాల్లో ఆకురాయి చప్పుడు వినిపిస్తూనే ఉంది. గరగర, గరగర.

నీళ్ళు కాగుతున్నాయి. ఎండ జరిగి పెరటి తలుపు కింది సందులోంచి సన్నటి చారలా లోపలికి వచ్చింది.

చప్పుడు ఆగింది.

ఇప్పుడు అడుగుతాడు అనుకుంది. అడగలేదు. కుర్చీ జరిగిన చప్పుడు కూడా లేదు. మరి ఎప్పుడు లేచాడో, వంటింటి గుమ్మం పక్కనుంచి అతను వెళ్తున్నాడు.

అడుగుల చప్పుడు లేదు.

“టీ అవుతోంది,” అంది ఆమె.

అతను చూడలేదు. మొహంలో కోపం లేదు. అలక లేదు. ఏదో పని గుర్తొచ్చి లేచినవాడిలా ఉన్నాడు, ఆ పని ఏమిటో మాత్రం ఇంకా గుర్తురానివాడిలా. గీత మీద నడుస్తున్నాడు. కిందకి చూడడం లేదు.

“ఎక్కడికిరా?” అంది అత్తగారు హాల్లోంచి.

అతను జేబులోంచి తాళంచెవి తీశాడు. తాళం తెరిచి, పక్క గూట్లో పెట్టాడు. తన చేత్తో బిగించిన గడియ తన చేత్తో లాగాడు. ఇందాక టక్కుమన్న ఇనుము ఈసారి చప్పుడు చెయ్యలేదు.

“ఏమండీ,” అంది కోడలు. “నేనన్నది మనసులో పెట్టుకోకండి. నోరు జారింది. ఇలా చూడండి.”

తలుపు తెరుచుకుంది. పెరట్లో ఎండ తెల్లగా ఉంది.

“నాన్నా,” అత్తగారు కుర్చీ పట్టుకుని లేచింది. “వెళితే వెళ్ళు. వెళ్ళొస్తానని ఒక్కమాట అనేసి వెళ్ళరా. ఒక్కమాట.”

గుమ్మం దగ్గర అతను ఆగాడు. ఆ ఆగడం చూసి కోడలికి ఊపిరి వచ్చింది. అతని పెదవులవైపు చూసింది. కొట్లో అద్దాలు మార్చి మార్చి, ఇప్పుడు కనిపిస్తోందా అని అడిగినప్పుడు మనుషుల పెదవులవైపు ఎలా చూస్తుందో అలా చూసింది.

పెదవులు కదల్లేదు.

అతను ఎవరికో దారిస్తున్నట్టు కాస్త పక్కకి ఒదిగి, గుమ్మం దాటాడు. దాటి, లోపల ఎవరో నిద్రపోతున్నట్టు, తలుపు మెల్లిగా దగ్గరికి వేసి వెళ్ళిపోయాడు.